అపరాధ భావన, అవమాన భయం, అల్లాహ్ కారుణ్యం

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు, సకల ప్రశంసలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే ఆరాధిస్తాము, ఆయన సహాయాన్నే అర్థిస్తాము, మన పాపాల మన్నింపును ఆయననే వేడుకుంటాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై, వారి కుటుంబీకులపై, వారి సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక! ఆమీన్.



మదీనా నగరంలో ఒక శుక్రవారం. దైవప్రవక్త (స) మింబరుపై నిలబడి ఖుత్బా ఇస్తున్నారు. ఒక పల్లెవాసి మస్జిదులోకి వచ్చాడు. వర్షాలు లేక పశువులు చనిపోతున్నాయని, ఇంట్లో వారు ఆకలితో ఉన్నారని, తమ కోసం అల్లాహ్‌ను ప్రార్థించమని నిండు సభలో నిలబడి విన్నవించుకున్నాడు. దైవప్రవక్త (స) వెంటనే చేతులెత్తి దుఆ చేశారు. ఆకాశంలో ఒక్క మబ్బు తునక కూడా లేని ఆ సమయాన సలా అనే కొండ వెనుక నుండి డాలు అంత మేఘం పైకి లేచి, నగరమంతా కమ్ముకుని, మరుసటి శుక్రవారం వరకు వర్షించిందని హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) తెలియజేశారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

సోదరులారా! ఈ సంఘటనను మనం వర్షం కోసం చేసే ఇస్తిస్కా నమాజు సందర్భంలో తరచుగా వింటాము. ఈనాడు మరో రెండు అంశాలను గమనించండి. మొదటిది, ఆ పల్లెవాసి తన లేమిని మస్జిదులో, శుక్రవారం నాడు, అందరి ఎదుట చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. రెండవది, నీవు ఏ పాపం చేశావు, ఏ తప్పుకు నీకీ కరవు వచ్చింది అని దైవప్రవక్త (స) అతన్ని ప్రశ్నించలేదు. ముందు చేతులెత్తారు. బాధితుని పట్ల ప్రవక్త సంప్రదాయం ఇది. మన మస్జిదులు, మన వీధులు, మన బంధుత్వాలు ఈ సంప్రదాయానికి ఎంత దగ్గరగా ఉన్నాయో ఈ రోజు ఆలోచిద్దాము.

మనం నివసిస్తున్న ఈ అనంతపురం పీఠభూమి దేశంలోనే అతి తక్కువ వర్షం కురిసే ప్రాంతాలలో ఒకటి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను దాటి వచ్చేసరికి తడి కోల్పోతాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరంలోనే ఎక్కువగా కురిసి మన దాకా చేరవు. ఈ ఎర్ర నేలల్లో తరతరాలుగా మన ప్రజలు వేరుశనగను నమ్ముకున్నారు. పూత పూసిన తరువాత ఊడలు నేలలోకి దిగాలంటే ఆ పదిహేను ఇరవై రోజులు పదును ఉండాలి. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తే పైరు పచ్చగానే కనిపిస్తుంది, అడుగున కాయ ఉండదు. విత్తనాలకు అప్పు, ఎరువులకు అప్పు, బోరుకు అప్పు. ఒక బోరు ఎండితే మరొకటి, అదీ ఎండితే ఇంకొకటి. ఏళ్ల తరబడి బిడ్డల్లా పెంచిన చీనీ చెట్లను నీళ్లు లేక నరికివేసిన తోటలు ఈ జిల్లాలో ఎన్నో. ధర్మవరం మగ్గాల వద్ద, కదిరి, గుత్తి, రాయదుర్గం వీధుల్లో తోపుడు బండ్ల వద్ద, ఆటో స్టాండులలో కూడా ఇదే అప్పు మరో రూపంలో ఉంది. పల్లెలో పంట పోతే పట్టణంలో బేరం పోతుంది.

1990ల చివరి నుండి మన జిల్లా పేరు రైతుల ఆత్మహత్యలతో ముడిపడిపోయింది. అలా మరణించిన రైతుల కుటుంబాలకు లక్షన్నర రూపాయల సహాయం ఇవ్వడానికి 2004 జూన్ 1న రాష్ట్ర ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. 2019లో ఆ మొత్తాన్ని 7 లక్షలకు పెంచారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 11,290 మంది వ్యవసాయంపై ఆధారపడినవారు, అంటే రైతులు, రైతు కూలీలు. ఈ అంకెల్లో హిందువులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. కరవు ఎవరి మతాన్నీ అడగదు.

సోదరులారా! అప్పు ఒక్కటే మనిషిని చంపదు. అంతే అప్పు ఉండి, అంతే పంట పోయి, బెంగళూరుకు వలస వెళ్లి కూలి చేసుకుని బతికి తిరిగి వచ్చినవారు మన మధ్యనే వేలాదిగా ఉన్నారు. అప్పుకు తోడుగా మనసులో మరో రెండు భారాలు చేరినప్పుడు మనిషి కుంగిపోతాడు. ఒకటి అపరాధ భావన. రెండవది అవమాన భయం. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, కాని రెండూ వేర్వేరు. నేను తప్పు చేశాను అని మనసు నొచ్చుకుంటే అది అపరాధ భావన. నేనే పనికిరానివాణ్ణి, నలుగురిలో నా ముఖం ఎలా చూపించాలి అని మనసు కుమిలితే అది అవమాన భయం. మొదటి దానిలో మనిషి తాను చేసిన పనిని చూస్తున్నాడు. రెండవ దానిలో తనను చూస్తున్న లోకాన్ని చూస్తున్నాడు. ఈ తేడాను ఆధునిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు గత యాభై ఏళ్లుగా వివరిస్తున్నారు. మన ధర్మం మాత్రం ఈ రెండింటికీ మొదటి నుండే వేర్వేరు మార్గాలు చూపింది.

అపరాధ భావనకు ఇస్లాం చూపిన మార్గం తౌబా. తౌబాకు షరతులు ఉన్నాయి: తప్పును విడిచిపెట్టాలి, చేసినదానికి చింతించాలి, మళ్లీ చేయనని దృఢంగా సంకల్పించుకోవాలి, తోటి మనిషి హక్కు కాజేసి ఉంటే దాన్ని తిరిగి ఇవ్వాలి లేదా అతని క్షమాపణ పొందాలి. ఈ షరతులను జాగ్రత్తగా గమనించండి. ప్రతిదీ మనిషి చేయగలిగినదే. ప్రతిదానికీ ఒక ముగింపు ఉంది. నిన్ను నువ్వు జీవితాంతం శపించుకోవాలన్నది ఈ షరతుల్లో లేదు. నిద్ర మానుకోవాలి, అన్నం మానుకోవాలి, ప్రాణం మీదికి తెచ్చుకోవాలి అన్నవి అసలే లేవు. చింత అనేది తౌబాకు ద్వారం మాత్రమే. ద్వారంలోనే కూర్చుండిపోయేవాడు ఇంట్లోకి చేరడు.

హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) గాథ మీకు తెలుసు. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణానికి ఆయన సోమరితనం వల్ల వెళ్లలేదు. దైవప్రవక్త (స) తిరిగి వచ్చాక ఎనభై మందికి పైగా ఏవో సాకులు చెప్పి తప్పుకున్నారు. కాబ్ మాత్రం అబద్ధం చెప్పలేదు. తన వద్ద ఏ సాకూ లేదని ఒప్పుకున్నారు. యాభై రాత్రులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. విశాలమైన భూమి సైతం ఆయనకు ఇరుకైపోయిందని, చివరికి తమ ప్రాణమే తమకు భారమైందని ఆయనను, ఆయన ఇద్దరు సహచరులను గూర్చి తౌబా సూరా 118వ ఆయతు వర్ణిస్తుంది. ఆ ఇరుకులో కూడా కాబ్ నమాజును వదలలేదు, మస్జిదును వదలలేదు. యాభయ్యవ ఉదయాన సలా కొండ పైనుండి ఒక గొంతు శుభవార్త వినిపించింది. మస్జిదులో ఆయన అడుగు పెట్టగానే హజ్రత్ తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చేయి కలిపారు. ఆ కరస్పర్శను కాబ్ జీవితాంతం మరచిపోలేదు. సంతోషంతో తన ఆస్తి అంతా దానం చేస్తానని ఆయన అన్నప్పుడు, కొంత నీ కోసం ఉంచుకో, అదే నీకు మేలు అని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. అంటే క్షమించబడిన మనిషి ఇంకా బతకవలసి ఉంది, అతనికి ఇల్లు ఉంది, రేపటి రోజు ఉంది. తౌబా మనిషిని కూల్చడానికి రాలేదు, నిలబెట్టడానికి వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. మన ప్రాంతంలో చాలామంది మనసుల్లో ఉన్న ప్రశ్న ఇదే. నూహ్ సూరాలో ప్రభువును క్షమాపణ కోరుకోండి, ఆయన మీపై ధారాళంగా వర్షం కురిపిస్తాడని నూహ్ (అలైహిస్సలాం) తన జాతికి చెప్పినట్లు ఉంది కదా. అయితే వాన పడకపోవడం నా పాపానికి శిక్షేనా? నా బోరు ఎండిపోవడం అల్లాహ్ నన్ను విడిచిపెట్టాడనడానికి గుర్తా?

సమాధానం శ్రద్ధగా వినండి. ఇస్తిగ్ఫార్ వల్ల వర్షం కురుస్తుందన్నది సత్యం. దాన్ని మనం విశ్వసిస్తాము. కాని ఆ పిలుపు ఒక జాతి మొత్తానికి ఇచ్చిన పిలుపు. ఇస్తిస్కా నమాజులో ఊరంతా మైదానానికి కదలి వస్తుంది. ఇమాము, జమీందారు, కూలీ అందరూ ఒకే వరుసలో నిలబడి, మమ్మల్ని క్షమించు అని వేడుకుంటారు. నన్ను అన్న మాట మమ్మల్ని అన్న మాటలో కలిసిపోతుంది. ఏ ఒక్క రైతు పొలాన్నో వేలు పెట్టి చూపించి, ఇతని పాపమే ఈ ఎండకు కారణం అని చెప్పే అధికారం ఎవరికీ లేదు. అది గైబ్ జ్ఞానం. అది అల్లాహ్‌కే తెలుసు. పైగా బఖరా సూరా 155వ ఆయతులో భయం, ఆకలి, సంపదల నష్టం, ప్రాణ నష్టం, పంటల నష్టం ద్వారా విశ్వాసులను పరీక్షిస్తానని అల్లాహ్ స్వయంగా తెలియజేశాడు. సహనం వహించేవారికి శుభవార్త కూడా అక్కడే ఇచ్చాడు. పంట నష్టం పరీక్ష అని అల్లాహ్ చెబుతుంటే, కాదు అది నీపై తీర్పు అని పొరుగువాని గుండెలో గుచ్చే హక్కు మనకు ఎక్కడిది?

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో, హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో ఘోరమైన కరవు వచ్చింది. నేల బూడిద వర్ణానికి మారిపోయిందని దాన్ని బూడిద సంవత్సరం అన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) ఎవరినీ పాపులుగా చాటలేదు. ప్రజలందరికీ నెయ్యి దొరికే వరకు తాను నెయ్యి ముట్టనని నిర్ణయించుకున్నారు. ఇతర ప్రాంతాల నుండి ధాన్యం తెప్పించి వండించి పంచారు. దైవప్రవక్త (స) వారి పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) గారిని ముందు నిలిపి వర్షం కోసం దుఆ చేశారు. అల్లాహ్ ముందు క్షమాపణ, ప్రజల ముందు అన్నం గిన్నె. మనకు ఆదర్శం ఇదే.

వడ్డీ విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. వడ్డీ హరాం. ఈ తీర్పును సడలించే అధికారం నాకు గాని మరెవరికి గాని లేదు. కాని నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి చిక్కుకుని, నేను అల్లాహ్‌తో యుద్ధానికి దిగినవాణ్ణి, నాకు దారి లేదు అని నిరాశపడే సోదరుడు ఈ మాట వినాలి: తౌబా ద్వారం నీకు తెరిచే ఉంది. ఆ ఊబి నుండి బయటపడాలన్న నీ సంకల్పం, వేసే ప్రతి అడుగు తౌబాలో భాగమే. ఇక మనలో ఎవరైతే చేతిలో డబ్బు ఉండి కూడా కర్జె హసనా ఇవ్వకుండా తోటి ముస్లింను వడ్డీ వ్యాపారి గుమ్మానికి పంపారో, వారు కూడా ఈ రాత్రి తమ లెక్క తాము చూసుకోవాలి.

సోదరులారా! ఇక రెండవ భారమైన అవమాన భయానికి వద్దాము. సిగ్గు విశ్వాసంలో ఒక శాఖ అని దైవప్రవక్త (స) బోధించారు. అయితే ఆయన చెప్పిన హయా వేరు, మన వీధుల్లో పరువు పేరిట చెలామణి అయ్యేది వేరు. హయా అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకతో చెడ్డపని నుండి ఆపుతుంది. పరువు భయం జనం చూస్తున్నారన్న బెదురుతో మంచిపని నుండి కూడా ఆపుతుంది. సహాయం అడగకుండా ఆపుతుంది, వైద్యుని వద్దకు వెళ్లకుండా ఆపుతుంది, చివరికి మస్జిదుకు రాకుండా ఆపుతుంది. అప్పులవాడు ఎదురుపడతాడని జుమా నమాజు మానుకునే మనిషికి కలిగినది హయా కాదు. అది ఒక గాయం.

ఆ గాయాన్ని రేపేది ఎవరు? ఇంటి గుమ్మంలో కూర్చుని కేకలు వేసేవారు. వాయిదా కట్టలేకపోయిన ఆడపడుచు ఇంటి ముందుకు తోటి సభ్యులనే పంపే రుణ సంస్థలు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చి, ఇలా బలవంతపు వసూళ్లు చేయడాన్ని నేరంగా ప్రకటించవలసి వచ్చింది. చట్టం ఆ సంస్థలను అడ్డుకుంది. కాని పెళ్లి విందులో పక్కవాని అప్పు గురించి గుసగుసలాడే మన నాలుకను ఏ ఆర్డినెన్స్ అడ్డుకుంటుంది? బ్యాంకు వేలం ప్రకటనలో ఎవరి బంగారం ఉందో పత్రికలో వెదికి నలుగురికి చెప్పే మన వేలును ఎవరు పట్టుకుంటారు?

విశ్వాసి కష్టాన్ని ఒకదాన్ని తొలగించినవాని కష్టాన్ని ప్రళయదినాన అల్లాహ్ తొలగిస్తాడని, అప్పు తీర్చలేని వానికి వెసులుబాటు ఇచ్చినవానికి ఇహపరాలలో వెసులుబాటు ఇస్తాడని, ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను ఇహపరాలలో కప్పివేస్తాడని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కష్టం, అప్పు, లోపం. ఈ మూడు ఒకే హదీసులో ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఎందుకంటే జీవితంలో కూడా అవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

నిందకు గురి కాబోతున్న ఒక మహాసాధ్వి స్థితిని మర్యమ్ సూరా మన ముందు ఉంచుతుంది. ప్రసవ వేదన మర్యమ్ (అలైహస్సలాం) గారిని ఖర్జూరపు మాను వద్దకు చేర్చింది. ఏ పాపమూ ఎరుగని ఆమె, లోకం ఏమంటుందో అన్న భారంతో, దీనికి ముందే తాను చనిపోయి మరుగున పడిపోయి ఉంటే ఎంత బాగుండేదని అనుకున్నారు. ఆమె విశ్వాసం బలహీనమా? కాదు. లోక స్త్రీలందరిలో అల్లాహ్ ఎన్నుకున్న స్త్రీ ఆమె. ఆ క్షణాన ఆమెకు వచ్చిన సమాధానం ఏమిటి? ఇలా ఎందుకు అన్నావన్న మందలింపు రాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. కాళ్ల కింద నీటి ఊట వచ్చింది. తలపైన పండిన ఖర్జూరాలు వచ్చాయి. తిను, తాగు, కన్నులు చల్లబరచుకో అన్న ఆదేశం వచ్చింది. ఆ తరువాతనే, జనులకు మౌనమే సమాధానంగా ఇవ్వమన్న మాట వచ్చింది. చావు మాట ఎత్తిన మనిషికి ముందుగా అందవలసినవి ఓదార్పు, నీరు, ఆహారం, నిందల నుండి రక్షణ. ఉపదేశం వాటి తరువాతనే.

ఈ మాటలు పలికి నా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్‌ను క్షమాపణ కోరుతున్నాను. మీరు కూడా కోరుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్తపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ సోదరులారా! మనసు కుంగిన మనిషిని చూసి, నీకు ఈమాన్ తక్కువ, ఐదు పూటలా నమాజు చదివితే ఇవన్నీ ఉండవు అని మనం సులువుగా అనేస్తాము. నమాజు మనసుకు ఊరట అన్నది నిజం. అల్లాహ్ స్మరణతో హృదయాలు నెమ్మదిస్తాయన్నది ఖుర్ఆన్ బోధన. కాని దుఃఖం విశ్వాస లోపం కాదు. యూసుఫ్ (అలై) కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ (అలై) కళ్లు తెల్లబారాయి. ఆయన ప్రవక్త. అదే దుఃఖంలో ఉండి కూడా, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కుమారులకు చెప్పారు. కన్నీరు, ఆశ ఒకే గుండెలో ఉండగలవని ఆయన మనకు చూపారు. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) బాగ్దాదులోని నిజామియా మద్రసాలో పెద్ద పదవిలో ఉండగా 1095లో ఆయన నాలుక కట్టుబడిపోయింది. పాఠం చెప్పలేకపోయారు, ఆహారం గొంతు దిగలేదు. వ్యాధి మనసు నుండి శరీరానికి పాకిందని వైద్యులు చెప్పారని ఆయనే తన గ్రంథంలో రాసుకున్నారు. అంతటి పండితుడు దాచుకోనిదాన్ని మనం ఎందుకు దాచుకోవాలి?

అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు సృష్టించాడు, చికిత్స చేయించుకోండి అన్నది ప్రవక్త (స) ఆదేశం. ఆత్మీయులను పోగొట్టుకున్న ఇంట్లో హజ్రత్ ఆయిషా (రజి) యవలతో తల్బీనా అనే జావ కాయించి పెట్టేవారు. అది గుండెకు నెమ్మదినిస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నానని తెలిపేవారు. హిజ్రీ 322లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర, మనో ఆరోగ్యాలపై ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, కారణం తెలియకుండా శరీరంలో నుండి పుట్టే దుఃఖం మరొకటి అని అందులో విడదీసి చెప్పారు. మనసుకు వైద్యం పరాయి వారి నుండి వచ్చిన కొత్త అలవాటు కాదు. అది మన వారసత్వం.

విశ్వాసం మనసుకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని అడిగేవారు ఉన్నారు. అది మనం అల్లాహ్‌ను ఎలా తలుస్తామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన 596 మంది వయోవృద్ధులను రెండేళ్ల పాటు పరిశీలించిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. దేవుడు తనను విడిచిపెట్టాడని, తనపై ప్రేమ లేదని మథనపడినవారిలో మరణాల ముప్పు ఎక్కువగా ఉందని అందులో తేలింది. ఆ రోగులు మన ధర్మీయులు కాకపోవచ్చు, మనిషి గుండె మాత్రం ఒక్కటే. నా దాసుడు నన్ను గురించి ఎలా తలుస్తాడో నేను అతని పట్ల అలాగే ఉంటానని అల్లాహ్ తెలిపినట్లు హదీసె ఖుద్సీలో వచ్చింది. తమ ఆత్మలకు తామే అన్యాయం చేసుకున్నవారు కూడా అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని, ఆయన పాపాలన్నింటినీ క్షమిస్తాడని జుమర్ సూరా 53వ ఆయతు పిలుస్తోంది. ఆ ఆయతులో పాపులను సైతం నా దాసులారా అనే సంబోధించాడన్న సంగతి మరవకండి.

ఆత్మహత్య విషయంలో స్పష్టంగా చెబుతున్నాను. అది హరాం. ప్రాణం మనది కాదు, అల్లాహ్ అమానతు. నిసా సూరా 29వ ఆయతు దాన్ని నిషేధిస్తూ, అదే వాక్యంలో అల్లాహ్ మీ పట్ల దయగలవాడని గుర్తు చేస్తుంది. నిషేధం కూడా దయలో నుండే వచ్చింది. అయితే ఆ విధంగా మరణించినవాని కుటుంబాన్ని వెలివేయమని ఏ ఆయతూ చెప్పలేదు. అటువంటి ఒక వ్యక్తి జనాజా నమాజును దైవప్రవక్త (స) స్వయంగా చేయించలేదన్నది వాస్తవం. అది ఇతరులకు హెచ్చరిక కోసమని విద్వాంసులు వివరించారు. అతనికి గుసుల్ చేయించాలి, జనాజా నమాజు చదవాలి, ముస్లింల ఖబ్రస్తానులోనే ఖననం చేయాలి అన్నది ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమా) గార్ల అభిప్రాయం. మన ప్రాంతంలో ఫత్వా దానిపైనే ఉంది. మదీనాకు హిజ్రత్ చేసి వచ్చిన ఒక వ్యక్తి జబ్బు బాధకు తాళలేక తన వేళ్ల కణుపులు కోసుకుని మరణించాడు. అతని స్నేహితుడు తుఫైల్ (రజి) కలలో అతన్ని మంచి స్థితిలో చూశారు, చేతులు మాత్రం కప్పి ఉన్నాయి. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) ఆ చేతులను కూడా క్షమించమని అల్లాహ్‌ను ప్రార్థించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును, బిడ్డను అలా పోగొట్టుకున్న ప్రతి తల్లికీ మనం చేరవేయాలి.

పరువు కోసం అటువంటి మరణాన్ని దాచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. పోలీసులకు చెప్పరు, పంచనామా జరగదు, అప్పుల కాగితాలు చూపరు. ఆర్డీవో స్థాయి విచారణకు ఆధారం ఏదీ మిగలదు. చివరికి వితంతువుకు, పిల్లలకు అందవలసిన సహాయం అందకుండా పోతుంది. చనిపోయినవాని పరువు పేరిట బతికున్నవారి అన్నం తీసివేయడం ఏ ధర్మం? ఇక బతికి బయటపడినవారు కేసులకు భయపడనవసరం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవానిగా పరిగణించి, అతనికి చికిత్స, సంరక్షణ అందించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది.

చివరిగా, ఒక జనాజా నమాజు గురించి వినండి. మృతునిపై మూడు దీనార్ల అప్పు ఉందని, తీర్చడానికి అతను ఏమీ వదలలేదని తెలిసి, మీరే నమాజు చదవండని సహచరులతో చెప్పి దైవప్రవక్త (స) ఆగిపోయారు. అప్పు ఎంత బరువైనదో ఆ ఆగిపోవడంలో ఉంది. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు తనదన్నారు. వెంటనే నమాజు జరిగింది. తరువాతి కాలంలో విజయాలు లభించి ధనం వచ్చినప్పుడు, విశ్వాసి అప్పుతో మరణిస్తే దాన్ని తీర్చే బాధ్యత తనదని దైవప్రవక్త (స) ప్రకటించారు. ఒక మనిషి సిగ్గుగా మొదలైనది మొదట ఒక మిత్రుని బాధ్యతగా, ఆపై సమాజం మొత్తం బాధ్యతగా మారింది. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల పాలైనవారు ఒక వర్గం. మనం రమజానులో చీరలు, బియ్యం పంచుతాము. మంచిదే. కాని ఈ వర్గాన్ని ఎందుకు మరచిపోతున్నాము?

కనుక ఈ జమాత్ ముందు కొన్ని విన్నపాలు ఉంచుతున్నాను.

ఈ ఏడాది జకాత్‌లో ఒక భాగాన్ని అప్పుల పాలైనవారి కోసం బైతుల్‌మాల్‌లో వేరుగా ఉంచండి. సహాయం పొందినవారి పేర్లు మైకులో చదవవద్దు, ఫోటోలు తీయవద్దు. కుడి చేయి ఇచ్చినది ఎడమ చేయికి తెలియనివ్వకపోవడం ఇచ్చేవాని పుణ్యం, తీసుకునేవాని గౌరవం.

అప్పు ఇచ్చి ఉన్నవారు బఖరా సూరా 280వ ఆయతును గుర్తుంచుకోండి. ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వాలి, వదిలివేస్తే అది మరీ మేలు. గడువు ఇచ్చినట్లు మీరే అతని ఇంటికి వెళ్లి చెప్పండి. ఆ ఒక్క మాట అతనికి ఆ రాత్రి నిద్ర ఇవ్వవచ్చు.

రోజూ వచ్చే సోదరుడు రెండు జుమాలు కనిపించకపోతే అతని ఇంటికి వెళ్లండి. అప్పు అడగడానికి కాదు, బాగోగులు అడగడానికి. నమాజు వేళ కాని వేళలో మస్జిదులో ఒంటరిగా కూర్చున్న అబూ ఉమామా అనే అన్సారీని దైవప్రవక్త (స) గమనించి పలకరించారని, చింతలు, అప్పులు అని అతను చెప్పగా ఒక దుఆ నేర్పించారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఆ పరంపరపై హదీసువేత్తలు చర్చించారు. కాని చింత నుండి, దుఃఖం నుండి, అప్పుల భారం నుండి శరణు కోరే దుఆ బుఖారీలో కూడా ఉంది. దైవప్రవక్త (స) స్వయంగా దాన్ని తరచుగా చదివేవారు. అప్పుల భారాన్ని గురించి ఆయనే అల్లాహ్‌కు మొరపెట్టుకున్నప్పుడు, మీరు నోరు తెరవడానికి సిగ్గెందుకు?

ఎవరైనా చావు మాట ఎత్తితే దాన్ని తేలికగా తీసుకోకండి, మందలించకండి. పక్కన కూర్చోండి. ఆ ఇంట్లో పురుగు మందులు ఉంటే కొన్నాళ్లు మీ వద్ద ఉంచండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మస్జిదు నోటీసు బోర్డుపై నమాజు వేళల పక్కన రాయించమని ముతవల్లీ గారిని కోరుతున్నాను.

ఈ సభలో ఇప్పుడే, ఈ మాటలు తన గురించే అనుకుంటున్న సోదరుడు ఎవరైనా ఉంటే, అతనికి ఒక మాట. నాయనా! నీ అప్పుకు ఒక లెక్క ఉంది, దానికి అంతు ఉంది. అల్లాహ్ కారుణ్యానికి లెక్క లేదు, అంతు లేదు. నమాజు తరువాత నేను ఇక్కడే ఉంటాను. నీవు ఏదీ వివరించనక్కరలేదు. వచ్చి పక్కన కూర్చుంటే చాలు.

ఓ అల్లాహ్! మా నేలపై కరుణా వర్షం కురిపించు. మా బావుల్లో, మా బోర్లలో నీరు నింపు. మా మతం, మీ మతం అనకుండా ఈ పీఠభూమిపై చెమటోడ్చే ప్రతి రైతునూ, ప్రతి కూలీనీ కాపాడు.

ఓ అల్లాహ్! మా పాపాలను క్షమించు. మేము క్షమించబడ్డామని నమ్మే ధైర్యాన్ని మాకు ఇవ్వు. మా లోపాలను కప్పు, ఇతరుల లోపాలను కప్పే హృదయాలను మాకు ప్రసాదించు.

ఓ అల్లాహ్! అప్పుల్లో ఉన్నవారికి హలాల్ మార్గంలో విముక్తి చూపు. అప్పు ఇచ్చినవారి గుండెలను మెత్తబరచు. మనసు నలిగిన వారికి స్వస్థత, ఒంటరివారికి తోడు, ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి ఓదార్పు ఇవ్వు. మమ్మల్ని విడిచి వెళ్లిన వారందరినీ, వారి చేతులను కూడా, క్షమించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.